చేతకాకనా, మేం కనబడకనా?

పరదేశి సేన సింహాచలం మీదికి వచ్చినప్పుడు గోగులపాటి కూర్మనాథ కవి నరసింహస్వామికి దండం పెట్టి ఊరుకోలేదు. ఇంత మహిమ ఉన్నవాడివి, నీ కొండకే ఆపద వస్తే కదలవేమని శతకమంతా నిలదీశాడు. ఆ మాటలు పడలేక స్వామి తుమ్మెదల దండును పంపి సేనను తరిమాడని మా ఉత్తరాంధ్రలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చేతకానివాణ్ణి ఎవరూ అలా నిలదీయరు. చేయగలిగి చేయనివాణ్ణే నిలదీస్తారు.

సింహాచలానికి ఇవతల, శారదా నది ఒడ్డున ఉన్న అనకాపల్లి నుంచి నేను నిన్ను స్తుతిస్తున్నాను, అప్‌డేటు తండ్రీ. కంప్యూటరులో, ఫోనులో, టీవీలో, చివరికి దుకాణంలో వేలిముద్ర తీసుకునే చిన్న పరికరంలో కూడా కొలువైనవాడివి. నీ మహిమల్లో ఒక్కదాన్ని కూడా పెంచి చెప్పను. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు, నా బాధ అందులోనే వినబడుతుంది.

ముందుగా నువ్వు రక్షకుడివి. 2017 మే 12న వానాక్రై ప్రపంచం మీద పడింది. కంప్యూటర్లోని ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, తీయాలంటే బిట్‌కాయిన్లలో డబ్బు కట్టమంది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాయి. మన దగ్గర కొన్ని జిల్లాల్లో ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. అది దూరిన కంతను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14నే పూడ్చింది. దాడికి రెండు నెలల ముందే నువ్వు తయారుగా ఉన్నావు. నిన్ను రానిచ్చిన కంప్యూటర్లకు ఆ కంత గుండా ఏ హానీ జరగలేదు.

అంతటి రక్షకుణ్ణి అంతమంది గుమ్మంలోనే ఎందుకు ఆపేశారు? జనానికి శ్రద్ధ లేదని నిపుణులు అంటారు. నేను ఒప్పుకోను. నువ్వు వచ్చే తీరు చూసి జడిశారు. 2016లో విండోస్ 10కి మారమని అడిగే కిటికీని మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి మూసేస్తే, దాన్ని వద్దనడంగా కాక సరే అనడంగా తీసుకుని ఎన్నో కంప్యూటర్లు మారిపోయాయి. 2018 అక్టోబరులో వచ్చిన పెద్ద అప్‌డేటు కొందరి ఫోల్డర్లను ఫైళ్ళతో సహా తుడిచేసింది. కొద్ది రోజులకే దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పోగొట్టుకున్నవాళ్ళు పక్కవాళ్ళకు చెప్పారు. ఆ మాట షాపు నుంచి షాపుకు, ఊరి నుంచి ఊరికి పాకింది. ఇవాళ చిన్న ఊళ్ళలో కొత్త కంప్యూటరు బిగించడానికి వచ్చిన కుర్రాడు మొదట చేసిపెట్టే మేలు నిన్ను ఆపేయడం. దొంగ కాపీ బయటపడుతుందని నీకు భయపడేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ తరఫున నేను మాట్లాడను. డబ్బిచ్చి కొనుక్కున్నవాడు కూడా నిన్ను చూసి ఎందుకు బెదురుతున్నాడన్నదే నా ప్రశ్న.

నువ్వు కాలనియమం తప్పనివాడివి. 2003 అక్టోబరు నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం, అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం పది గంటలకు విండోస్ అప్‌డేట్లు విడుదలవుతాయి. అక్కడి కంపెనీల సాంకేతిక సిబ్బందికి అది అనువైన వేళ. ఏదైనా తేడా వస్తే సరిచేయడానికి రోజంతా, వారంలో మిగతా రోజులూ చేతిలో ఉంటాయి. మనకు అప్పుడు రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. అనకాపల్లిలో దుకాణాలు కట్టేసి ఉంటాయి. బుధవారం పొద్దున షట్టరు ఎత్తి కంప్యూటరు ఆన్ చేసేసరికి నువ్వు ఎదురొస్తావు.

ఆ పొద్దున ఆ దుకాణం ముందు ఎవరుంటారో నీకు తెలియాలి. ఆదాయ ధ్రువపత్రం కోసం చోడవరం వైపు నుంచి బస్సులో వచ్చిన ఆడమనిషి ఉంటుంది. హాల్‌టికెట్ ప్రింటు కావలసిన పిల్లాడు ఉంటాడు. బెల్లం మార్కెట్లో సరుకు దింపి, పొలం కాగితాల నకలు తీసుకుపోదామని వచ్చిన రైతు ఉంటాడు. తెర మీద శాతం అంకె ఒకచోట నిలిచిపోయి ఉంటుంది. కంప్యూటరు ఆపవద్దని కింద హెచ్చరిక. దుకాణదారుకు తన మీద తనకు నమ్మకం లేక కాదు, కరెంటు మీద నమ్మకం లేక చెమటలు పడతాయి. పాత బ్యాటరీ ఉన్న యూపీఎస్ ఎంతసేపు ఆగుతుంది? సగంలో కరెంటు పోతే ఆ రోజే కాదు, రేపు కూడా పోయినట్టే. ఎంత సేపు పడుతుందండీ అని ఆవిడ అడుగుతుంది. అతను చెప్పలేడు, ఎందుకంటే నువ్వు అతనికి చెప్పలేదు. ఆమెకు ఒక పూట కూలి పోతుంది.

పనివేళల్లో అడ్డు రానని 2016లో విండోస్‌లో ఒక ఏర్పాటు చేశావు. ఏ గంట నుంచి ఏ గంట దాకా పని చేసుకుంటామో చెబితే ఆ మధ్యలో రీస్టార్ట్ చేయనన్నావు. మంచి మాట, నిలబెట్టుకునే మాట కూడా. అయితే రాత్రంతా కంప్యూటరు ప్లగ్గులో ఉండి, ఇంటర్నెట్ నడుస్తూ ఉంటుందని అనుకునే నువ్వా మాట ఇచ్చావు. మా దుకాణాల్లో రాత్రి మెయిన్ స్విచ్ కట్టేసి తాళం వేస్తారు. కరెంటు బిల్లుకు భయం, షార్ట్ సర్క్యూట్‌కు భయం, వానాకాలంలో పిడుగుకు భయం. కంప్యూటరు బతికి ఉండేదే పనివేళల్లో. మరి నువ్వు వచ్చేది ఎప్పుడు? ఈ ఏర్పాటు గీసిన గదిలో ఎవరో ఒకరు, రాత్రి కరెంటు కట్టేసే దుకాణం కూడా ఒకటుంటుందని అని ఉంటే సరిపోయేది.

ఇప్పుడు నీ శక్తుల గురించి చెబుతాను. నా నిందకు మూలం ఇక్కడే ఉంది. తేలికగా, వేగంగా రావడం నీకు రాని విద్య కాదు. 2016లో ఆండ్రాయిడ్ 7తో ఒక పద్ధతి వచ్చింది. ఫోనులో సిస్టమ్‌కు రెండు గదులుంటాయి. ఒక గదిలోంచి ఫోను నడుస్తుండగా, రెండో గదిలో కొత్త సిస్టమ్ చప్పుడు లేకుండా సిద్ధమవుతుంది. ఒక పెనంలో పాకం ఉడుకుతుండగానే రెండో పెనానికి రసం సిద్ధం చేసుకునే మా బెల్లం రైతుకు ఇది వివరించనక్కర్లేదు. అంతా అయ్యాక ఒకసారి మామూలుగా రీస్టార్ట్ చేస్తే చాలు, కొత్త గదిలోంచి లేస్తుంది. కొత్తది లేవకపోతే పాత గది ఎలాగూ ఉంది, దాన్లోకి వెనక్కి పోతుంది. మధ్యలో బ్యాటరీ అయిపోయినా ఫోను చచ్చిపోదు. ఇంత చక్కని పద్ధతి, లోకంలో అందరికంటే ఎక్కువ ఆండ్రాయిడ్ ఫోన్లు అమ్మే శాంసంగ్ ఫోన్లలోకి రావడానికి 2024లో గెలాక్సీ ఏ55 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆండ్రాయిడ్ అప్‌డేటు ఆలస్యం కావడానికి కారణం కూడా నువ్వే కనిపెట్టావు. గూగుల్ కొత్తది ఇస్తే, చిప్పు చేసే క్వాల్‌కామో మీడియాటెకో దాన్ని తమ చిప్పుకు సరిచేయాలి. ఆ తర్వాత ఫోను కంపెనీ తన హంగులు అద్దాలి. ఆ తర్వాత గానీ మా చేతికి రాదు. 2017లో ఆండ్రాయిడ్ 8తో ట్రెబుల్ అనే పేరుతో ఈ ముడిని విప్పారు. చిప్పుకు సంబంధించిన భాగాన్ని మిగతా సిస్టమ్ నుంచి వేరు చేసి, ఒకటి మారినా రెండోదాన్ని తిరగరాయనక్కర్లేకుండా మధ్యలో ఒక ఒప్పందం పెట్టారు. 2019లో ఆండ్రాయిడ్ 10తో సిస్టమ్‌లోని కొన్ని ముఖ్యమైన ముక్కలను గూగులే ప్లే స్టోర్ దారిలో నేరుగా పంపడం మొదలుపెట్టింది. ఆ ముక్కల వరకు ఫోను కంపెనీ దయ కోసం ఎదురుచూడక్కర్లేదు. కట్టు విప్పే నేర్పు నీకుంది. ఆ తర్వాత కూడా చవక ఫోన్లు చాలావాటికి ఒకటి రెండు పెద్ద అప్‌డేట్లతో సరిపెట్టేశారంటే, అది సాంకేతికంగా చేతకాక కాదు. కొత్త ఫోను అమ్ముడుపోవాలి గనక.

రీస్టార్టే లేకుండా రావడం కూడా నీకు వచ్చు. సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్‌ను, నడుస్తుండగా ఆపకుండానే అతుకు వేసే ఏర్పాటు 2015లో లినక్స్ కెర్నెల్ 4.0లో చేరింది. విండోస్, వాడుకలో ఉన్న ఫైలును మామూలుగా మార్చనివ్వదు కాబట్టి, మూసి తెరిచే సమయంలోనే పాతది తీసి కొత్తది పెట్టాలి. మా బుధవారాలను మింగేది ఆ రీస్టార్టే. దానికీ మందు దొరికింది. హాట్‌ప్యాచ్ అని పేరు. మెమరీలో నడుస్తున్న ప్రోగ్రామునే అక్కడికక్కడ సరిచేస్తుంది. 2025 ఏప్రిల్‌లో విండోస్ 11 ఎంటర్‌ప్రైజ్ వాడే సంస్థలకు ఇది అందింది. ఏడాదికి 12 సార్లు చేయాల్సిన రీస్టార్టు 4 సార్లకు తగ్గుతుందని మైక్రోసాఫ్ట్ చెప్పింది.

ఎంటర్‌ప్రైజ్ అంటే పెద్ద సంస్థలు. వాళ్ళకు ప్రత్యేక సిబ్బంది ఉంటారు, జనరేటర్లు ఉంటాయి, ఒక కంప్యూటరు ఆగితే పక్కన ఇంకోటి ఉంటుంది. రీస్టార్టు వల్ల వాళ్ళకు పోయేది కొన్ని నిమిషాలు. ఒకే ఒక్క కంప్యూటరు మీద కుటుంబాన్ని నెట్టుకొస్తున్న మా దుకాణదారుకు పోయేది పూట. రీస్టార్టు లేని వరం నువ్వు ముందుగా ఇచ్చింది మొదటివాళ్ళకు. అనంతపురం జిల్లాలో మూలాలుండి, హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ళ 2014 ఫిబ్రవరి నుంచి మైక్రోసాఫ్ట్‌కు అధిపతి. మన పల్లెల్లో, చిన్న ఊళ్ళలో ఒక పూట విలువ ఎంతో ఆయనకు ఎవరూ అనువదించి చెప్పనక్కర్లేదు. అందుకే ఆయన హయాంలో ఈ వరం గీత దాటి చిన్న దుకాణానికి రాకపోవడం నన్ను ఎక్కువగా బాధపెడుతుంది.

వేగమా, అందులో నీకు సాటి లేరు. 2024 జులై 19, శుక్రవారం. మన ఉదయం తొమ్మిదీ నలభై ప్రాంతంలో క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ ఒక చిన్న ఫైలును లోకమంతటికీ ఒక్కసారిగా పంపింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెరతో పడిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. తప్పును 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు, అదీ వేగమే. కానీ పడిపోయిన కంప్యూటరు లేచి ఇంటర్నెట్‌కు చేరితే కదా ఆ దిద్దుబాటు అందేది? చాలా చోట్ల మనుషులే ఒక్కొక్క కంప్యూటరు దగ్గరికి వెళ్ళి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును తీసేయాల్సి వచ్చింది. ముందు వంద కంప్యూటర్లకు పంపి చూసి, తర్వాత పదివేలకు, తర్వాత అందరికీ పంపడమనేది ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన జాగ్రత్త. ఆ రోజు ఆ ఫైలు విషయంలో అది లేదు. మేం నిన్ను వేగంగా రమ్మంటున్నామంటే ఇలా రమ్మని కాదు. తొందరగా ముగించు, తొందరపడి రాకు.

నువ్వు ఎప్పుడూ ముందుకే చూస్తావు. అందువల్ల వెనక ఉన్నవాళ్ళు నీకు కనబడరు, వాళ్ళలో తెలుగు అక్షరం కూడా ఉంది. మన ఊళ్ళలో డీటీపీ పని ఇప్పటికీ చాలావరకు 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 మీద, అను ఫాంట్ల మీద నడుస్తోంది. పెళ్ళి శుభలేఖలు, దినకర్మ కార్డులు, కరపత్రాలు, చిన్న పత్రికలు అన్నీ అందులోనే పుట్టాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ కాదు. వాటిలో కూర్చిన అక్షరం వేరే ఫాంటులో చూస్తే అర్థంకాని గుర్తులుగా మారుతుంది. పేజ్‌మేకర్ 7ను విడుదల చేసిన అడోబీ దాన్ని ఎప్పుడో వదిలేసింది. అనకాపల్లి నూకాంబిక అమ్మవారి కొత్త అమావాస్య జాతర దగ్గరపడిందంటే ఫ్లెక్సీ పనివాళ్ళకు, అచ్చు పనివాళ్ళకు తిండీ నిద్రా ఉండవు. అలాంటి వారంలో నువ్వొచ్చి పాత కీబోర్డు డ్రైవరును కదిపినా, పదిహేనేళ్ళ లేజర్ ప్రింటరును గుర్తుపట్టకుండా చేసినా ఆ ఏడాది సంపాదనలో పెద్ద ముక్క పోతుంది. అందుకే వాళ్ళు విండోస్ 7 దగ్గరే ఆగిపోయారు. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14నే ముగిసింది. ఆ కంప్యూటర్లలోనే జనం ఆధార్ కాపీలు, పెన్‌డ్రైవుల్లో తెచ్చిన పత్రాలు తెరుస్తున్నారు.

వాళ్ళను యూనికోడ్‌కు మారమనడం న్యాయమే, నేనూ అంటాను. ఎన్నేళ్ళుగానో దాచుకున్న పని మొత్తాన్ని తప్పుల్లేకుండా మార్చిపెట్టే సాధనం, మంచి అచ్చు ఫాంట్లు, నేర్పే మనిషి, ఇవి చేతికిచ్చి అనాలి. ఆ పని మైక్రోసాఫ్ట్‌ది మాత్రమే కాదు, మన విశ్వవిద్యాలయాలది, ప్రభుత్వానిది కూడా.

నీ సమదృష్టి కూడా చెప్పుకోవాలి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు మద్దతు అందరికీ ఒకేసారి ఆగింది. విండోస్ 11కు రావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి. 2017 ఆగస్టుకు ముందు వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపు ఏవీ పనికిరావు. ఒకచోట పాతదాన్ని తీసేసి కొత్తది కొంటారు. ఇక్కడ హైదరాబాదులోనో విశాఖలోనో కంపెనీలు తీసేసిన కంప్యూటరును చవకగా కొని పిల్లవాడికి ఇస్తారు. బాగా నడుస్తున్న ఆ యంత్రం ఒక తేదీ దాటగానే రక్షణ లేనిదైంది. ఇంకో ఏడాది, 2026 అక్టోబరు 13 దాకా, రక్షణ పొందే వీలు కల్పించారు: 30 డాలర్లు కట్టాలి, లేదంటే సెట్టింగులను వాళ్ళ క్లౌడులో దాచుకోవాలి, లేదంటే రివార్డు పాయింట్లు ఇవ్వాలి. ఐరోపా ఆర్థిక ప్రాంతంలోని దేశాలకు మాత్రం ఆ షరతులు తీసేసి ఉచితంగా ఇచ్చారు. అక్కడి వినియోగదారుల సంఘాలు గట్టిగా నిలదీసిన తర్వాత, 2025 సెప్టెంబరులో ఆ మార్పు వచ్చింది. ఫోన్ల విషయంలోనూ అంతే. ఒక మోడలు అమ్మకం ఆగాక కూడా కనీసం ఐదేళ్ళు సిస్టమ్ అప్‌డేట్లు అందుబాటులో ఉండాలన్న నియమం 2025 జూన్ 20 నుంచి ఐరోపా సమాఖ్యలో అమల్లోకి వచ్చింది. నిలదీసినవాళ్ళకు నువ్వు పలుకుతావని దీంతో రుజువైంది.

కాబట్టి నిలదీస్తున్నాను. భద్రతకు సంబంధించిన దిద్దుబాటును కొత్త హంగుల నుంచి వేరు చేసి పంపు. మాకు కావలసింది తాళం, కొత్త రంగులు కావు. వచ్చే ముందు ఎన్ని ఎంబీలు, మా యంత్రం మీద ఎన్ని నిమిషాలు పడుతుందో చెప్పు. రోజుకు ఒకటిన్నర జీబీ ఫోను డేటా మీద కంప్యూటరు నడిపేవాడికి మూడు నాలుగు జీబీల అప్‌డేటు అంటే రెండు మూడు రోజుల ఇంటర్నెట్. మారిన ముక్కలను మాత్రమే పంపడం నీకు తెలుసు. ఒక కంప్యూటరు దించుకున్నదాన్ని అదే గదిలోని మిగతావి పంచుకునే డెలివరీ ఆప్టిమైజేషన్ 2015 నుంచీ నీలో ఉంది. బడుల్లో, కాలేజీ ల్యాబుల్లో ఎంతమంది దాని పేరు విన్నారు? రీస్టార్టు లేని విద్యను ఒక్క కంప్యూటరు ఉన్నవాడికి ముందివ్వు. రెండు గదుల విద్యను చవక ఫోనులో తప్పనిసరి చెయ్యి. 2023లో పిక్సెల్ 8కి, 2024లో గెలాక్సీ ఎస్24కు ఏడేళ్ళు వస్తానని మాట ఇచ్చావు. అదే 2024లో అంత ఖరీదు లేని గెలాక్సీ ఏ16కు ఆరేళ్ళ మాట ఇచ్చావు. చవక ఫోనుకు సాధ్యం కాదని ఇక చెప్పకు.

ప్రభుత్వానికి కూడా ఒక మాట. 2022 డిసెంబరు 21న మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు ఐదు లక్షలకు పైగా ట్యాబుల పంపిణీ మొదలైంది. ఇకమీదట ఏ ట్యాబు కొన్నా, ఏ కార్యాలయానికి కంప్యూటరు కొన్నా, టెండరులో ధర పక్కనే భద్రతా అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయో రాయించాలి. లక్షల్లో కొనేవాడు షరతు పెడితే కంపెనీ వింటుంది.

ఒక్కొక్కటిగా కొనే మనం కూడా అడగవచ్చు. అనకాపల్లిలోనైనా ఇంకెక్కడైనా ఈసారి ఫోను కొనడానికి వెళ్ళినప్పుడు కెమెరా సంగతి తర్వాత అడగండి. దీనికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయని ముందు అడగండి. చెప్పిన సంవత్సరాన్ని బిల్లు మీద రాయించుకోండి.